అన్న చెబితే లేచే శవాలు

జమ్మలమడుగులో వీడియో హాలు నడిపిన మామ పోయిన వారం ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయన నాకు బంధువు కాదు, ఊరంతా మామ అనే పిలిచేది. ఆ హాల్లో చాలా ఏళ్లు నేను లెక్కలు రాశాను.

ఇంగ్లీషు సినిమా వేస్తే మామ టీవీ పక్కన నిలబడి మన మాటల్లో కథ చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి చెప్పేవాడు. అన్నిటికంటే ఇష్టం ఒక పాత నలుపు తెలుపు జాంబీ సినిమా. అందులో ఒక మంత్రగాడు చచ్చినవాళ్లను లేపి మిల్లులో పని చేయిస్తాడు. తర్వాతి సినిమాల్లో శవాలు మనుషుల్ని కొరుక్కు తింటాయి. జనం వాటికే ఎగబడేవారు. మామ ఒప్పుకునేవాడు కాదు.

"కరిసేదానికి వీధి కుక్క చాలదా అప్పా? ఇందులో శవం ఎవుర్నీ కరవదు. చెప్పింది చేస్తాది. అదీ భయమంటే. ఎనకొచ్చినవన్నీ దీని పిల్లలే. తల్లి బుద్ధి మాత్రం ఒక్కదానికీ రాలా."

అవి ఫ్యాక్షన్ రోజులు, పైగా ఎన్నికలు. మిల్లులో నడిచే శవాలను చూపిస్తూ మామ ఒకరోజు, "వీళ్లకు పార్టీ ఏందో తెలీదు, ఎవుర్ని ఎందుకు నరకాల్నో తెలీదు. అన్న చెప్తే పోతారు," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ మాట ఒక నాయకుడి ఇంటికి చేరింది.

మర్నాడు మ్యాట్నీకి ఆ నాయకుడి ముఖ్య అనుచరుడు మనుషులను వెంటేసుకొని వచ్చాడు.

"మావోళ్లను శవాలంటాండావంట?"

"నేను పేరు చెప్పినానా? మీరే గుర్తుపట్టుకుంటే నేనేం జేసేది?"

"మళ్లా ఆ సినిమా ఏస్తే హాలుండదు."

"వచ్చినారు గదా, కూసోండి. చూసినాక తగలబెడుదురు. టిక్కెట్లు మాత్రం తీసుకోండి."

నేను మామ చొక్కా పట్టి లాగాను. మామ నా చెయ్యి విడిపించుకొని క్యాసెట్ పెట్టాడు. ఒక్క మాట మార్చకుండా కథంతా చెప్పాడు. 'అన్న చెప్తే పోతారు' అన్నచోట గొంతు ఇంకాస్త పెంచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే హాలు కాల్చేశారు. మామ ఇంకో వీధిలో మళ్లీ తెరిచి, మొదటి ఆట అదే సినిమా వేశాడు. ఆ ధైర్యం ఎక్కడిదని జనం ఇప్పటికీ అడుగుతారు. నాకు మాత్రం ఆ మ్యాట్నీ చివర జరిగింది గుర్తొస్తుంది.

సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. "లేయండ్రా," అన్నాడు అనుచరుడు. అతని మనుషులు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్లలో పులివెందుల వైపు నుంచి వచ్చిన నడివయసు మనిషి ఒకడు మాత్రం లేవలేదు. మళ్లీ గట్టిగా పిలిచారు. అతను చేతులు కట్టుకొని, ఆరిపోయిన టీవీ వంక చూస్తూ, కూర్చునే ఉన్నాడు.