మైకులో ఒప్పుకున్న రేకులు, కలకత్తా తీర్పు

మా ఇబ్రహీంపట్నం చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్లు వలలు పెట్టుకోవడానికి షెడ్డు కడదామని మీటింగు పెట్టారు. మా దగ్గర చందా ఇచ్చేవాళ్లు మైకులోనే చెప్పాలి. చనిపోయిన మా ఆయన పేరు మీద "పైకప్పు రేకులు నావి" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పది రోజులు తిరగకుండానే కంటికి ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పింది. దాచుకున్నది రెండింటికీ చాలదు. సంతకమైతే పెట్టలేదు కదా, తప్పుకోవచ్చేమో అడుగుదామని ఎల్బీనగర్‌లో ఒక వకీలమ్మ దగ్గరికి బయలుదేరాను.

ఎనిమిదింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. బొంగులూరు వచ్చేలోపు కార్డు ఉందో లేదోనని నాలుగుసార్లు సంచి తడిమాను. "నీ కార్డు యాడికి పోదవ్వా, జర నిమ్మలంగ కూసో" అని కండక్టరమ్మ నవ్వింది. గంటకు పైనే పట్టింది. దిగాక ఆటోకు ఇరవై.

వకీలమ్మ అంతా విని లావుపాటి పుస్తకం తెరిచింది. బ్రిటిషువాళ్ల కాలంలో ఒకాయన టౌన్‌హాలు కట్టడానికి చందా రాసి, తర్వాత ఇవ్వనన్నాడట. అతని మాట నమ్మి పని పెట్టుకున్నారు కాబట్టి ఇచ్చి తీరాలని కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పిందట.

"ఆయన రాసిండు గదమ్మా! నేను ఉత్తగ నోటితోటి అన్న."

"నోటిమాట గూడ ఒప్పందమే అవ్వా. ఊరంత విన్నది. ఇంతకు గోడలు లేచినయా?"

ఎప్పుడో నూరేళ్ల కిందటి తీర్పు వచ్చి నా మీద పడుతుందని కలలో కూడా అనుకోలేదు. గోడల సంగతి నాకు తెలియదు. రేకులు అడుగుతారని భయపడి నెల నుంచి ఆ దారినే పోలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా చెరువు దగ్గరికి నడిచాను. గోడలు నా తలకంటే ఎత్తున ఉన్నాయి. ఇసుక కుప్ప మీద కూలబడ్డాను. చేపల సంఘం పెద్ద మల్లయ్య చూశాడు.

"ఏమవ్వా, మమ్ముల జూసి దాసుకుంటున్నవట! గీ గోడలన్ని నీ మాట మీదనే లేచినయ్."

ఏడుస్తూ ఆపరేషన్ సంగతి చెప్పాను.

"గిది ముందుగాల చెప్పొద్దా? సగం రేకులు ఇప్పుడియ్యి. తక్కినయ్ కన్ను బాగైనంక. అప్పటిదాంక వలలు ఒక్క పక్కకు జరుపుకుంటం."

ఆ పుస్తకంలోని ఆయన కూడా కోర్టుకంటే ముందు గోడల దగ్గరికే వెళ్లి ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు నాకు వానల భయం పట్టుకుంది, సగం షెడ్డు తడుస్తుందని. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఆధార్ అసలు కార్డే పెట్టుకోండి. బస్సెక్కే ముందు మాత్రం మీ మాట మీద గోడలు ఎంతవరకు లేచాయో ఒకసారి చూసుకోండి.