మామ ఉండరు, పప్పు చాలు

మా మామ ఏ రోజు ఎక్కడుంటాడో కనిపెట్టడానికి ఆయన మీద కత్తి కట్టిన ఎదుటి పార్టీవాళ్లు మూడేళ్లు తిప్పలు పడ్డారు. టీ అంగళ్లలో మనుషుల్ని కూర్చోబెట్టారు, మా జీపు వెనకాల మోటారు సైకిళ్లు తోలారు. వాళ్లకు ఏమీ తేలలేదు. ఆ రహస్యాన్ని పెళ్లయిన మూడో నెలలోనే నేను గుండ్రటి చేతిరాతతో రాసి, కార్బన్ పేపరు పెట్టి మూడు కాపీలు తీసి, ఊరికి పంచిపెట్టాను. మీరు నవ్వండి, పర్వాలేదు. అప్పట్లో మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మా పుట్టిల్లు పులివెందుల. మా నాన్న లెక్కల అయ్యవారు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూనే వారం రోజుల వంటలు తేల్చేసేవాళ్లం. దాన్నిబట్టి సరుకుల చీటీ, చీటీని బట్టి సంచులు. బుధవారం వంకాయ అని రాసి ఉంటే, పెద్ద చుట్టం వచ్చినా సరే వంకాయే.

అట్లాంటి ఇంటి నుంచి జమ్మలమడుగులో ఒక పార్టీ నాయకుడి ఇంటికి కోడలిగా వచ్చిపడ్డాను. ఇక్కడ పదకొండు గంటలైనా మధ్యాహ్నానికి తినేది నలుగురో నలభై మందో తెలిసేది కాదు. వాకిట్లో రెండు జీపులు ఆగాయంటే సంగటికి ఇంకో గుండిగ పొయ్యెక్కాల్సిందే. ఉల్లిగడ్డలకని ఒకసారి, కందిబ్యాళ్లకని ఇంకోసారి, తీరా తిరగమాత పెట్టేటప్పుడు ఆవాలకని మరోసారి, ఇంటి పనులన్నీ చూసే ఓబులేసు రోజంతా అంగడికీ ఇంటికీ మధ్య పరిగెడుతూనే ఉండేవాడు.

"ఇంత పెద్ద ఇంట్లో ఒక పద్ధతి ల్యాకపాయె, ఏందత్తా ఇది?" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"మ్మే, ఈ ఇంట్లో రేపటి సంగతి ఈ పొద్దు మాట్లాడకూడదు," అంది అత్త బియ్యం చెరుగుతూ.

అది అత్త మూఢనమ్మకం అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, పాపం పాతకాలం మనిషి అని కాస్త జాలి కూడా పడ్డాను.

మామకు కడుపులో పుండు. కారం పడదు. అందరికీ చేసిన కూరలో మజ్జిగ పోసుకుని తినేవాడు. ఒకరోజు ఆయన కోసం వేరేగా, మిరియాలు మాత్రమే వేసి నాటుకోడి పులుసు చేసిపెట్టాను. రెండోసారి వడ్డించమన్నాడు. ఇదే సమయమని అడిగేశాను.

"మామా, వారంలో ఏయే పూటలు మీరింట్లో ఉంటారో చెప్తే, మీకు రోజూ ఇట్లనే చేసిపెడతా."

ఆయన ఎముక పక్కన పెట్టి నావైపు తిరిగాడు. కన్నకొడుకులకు కూడా ఆ సంగతి చెప్పని మనిషి. పులుసు మహిమో, నా అమాయకపు మొహం మహిమో గాని, మెల్లగా ఆ వారమంతా చెప్పేశాడు.

"కడుపులో పెట్టుకో మ్మే," అన్నాడు చివర్లో.

"అట్లనే మామా," అన్నాను. కడుపులో పెట్టుకున్నాను. పట్టికలోనూ పెట్టాను.

ఎంత వివరంగా పెట్టానంటే: "బుధవారం: అలసంద వడలు, పుల్లగూర. గురువారం: మామ బయట భోజనం. శుక్రవారం మధ్యాహ్నం: మామ వస్తారు, కారం లేని నాటుకోడి పులుసు; మిగతా ఇరవై మందికి మామూలు కారం. శనివారం: మామ ఉండరు, పప్పు చాలు." కింద స్కేలు పెట్టి గీత గీసి, సంతకం కూడా చేశాను. ఒక కాపీ వంటింటి గోడకు, ఒకటి కోళ్లు అమ్మే మస్తానుకు, ఒకటి బజారులో మేము సరుకులు తెచ్చుకునే శెట్టికి. శెట్టి తన వ్యాపారంలో ఇంత ముచ్చటైన చీటీ చూడలేదట. మురిసిపోయి అంగడి ముందర స్తంభానికి అంటించాడు.

శుక్రవారం పొద్దున సరుకులకని పోయిన ఓబులేసు, ఖాళీ సంచులతో రొప్పుతూ తిరిగొచ్చాడు.

"అక్కా, శెట్టి అంగడి కాడ నీ పట్టికను జనం గుంపుగా నిలబడి చదువుతాండారు!"

"చదవనీలేప్పా. తప్పులేమన్నా ఉండాయంటనా?"

"తప్పులుంటే బాగుండు గదక్కా! అన్నీ రైటే! ఎదుటోళ్ల జీపు డ్రైవరు బెల్లం కొననీకి వచ్చినాడు. శుక్రవారం కింద యేలు పెట్టి రెండు తూర్లు చదివినాడు. బెల్లం ఆడనే మరిచిపోయి ఉరికినాడు!"

అత్త చేతిలోని చేట కింద పడింది. అప్పటికి గాని నా చదువుకున్న బుర్రకు వెలగలేదు. నమ్మి చెప్పిన మనిషి ప్రాణాన్ని నేనే కాగితం మీద పెట్టి స్తంభానికి అంటించాను. ఆయన పన్నెండింటికల్లా ఇంటికి రావాలి.

"వద్దని కబురు చేద్దామంటే, ఆయప్ప యాడుండాడో తెలిస్తే గదా!" అంది అత్త కళ్లనీళ్లతో.

"నిన్నటి నుంచి చక్రాయపేటలో ఉండారత్తా," అన్నాను పీలగొంతుతో.

అందరూ నావైపు తిరిగారు.

"అది గూడా రాసినావా తల్లీ?"

"ల్యా అత్తా. బయట భోజనం అని మాత్రమే రాసినా."

"శానా పుణ్యం కట్టుకున్నావ్!"

ఓబులేసు రెండో జీపు తీసుకుని చక్రాయపేటకు దూకించాడు. నాకు గుర్తున్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, గుర్తులేనివాళ్లు నొచ్చుకోకూడదని వాళ్లకు కూడా కలిపి ఒక మొక్కు మొక్కాను.

పదకొండు నుంచే వాకిట్లోకి జనం రావడం మొదలైంది. కాలువ నీళ్ల తగాదావాళ్లు, బదిలీ కోసం తిరిగే గుమాస్తా, కొడుక్కి కాలేజీ సీటు అడిగే పెద్దమనిషి. "అన్న ఈ పొద్దు ఉంటాడంట గదా, శెట్టి అంగడి కాడ చూసినాం," అని అందరిదీ ఒకే మాట. బందోబస్తుకని ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా వచ్చారు. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి గుసగుసగా, "మాకు మామూలు కారం పులుసేనా మ్మా, ల్యాకుంటే అన్న కోసం చేసింది గూడా కొంచెం రుచి చూడచ్చా?" అని అడిగాడు. ఇరవై మంది అని నేను లెక్కగట్టిన చోట అరవై మంది తిన్నారు. ఎదుటి పార్టీ జీపు మా వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది. ఆ రెండుసార్లూ నేను గరిట పట్టుకునే కిటికీ కాడికి ఉరికాను.

మూడింటికి ఓబులేసు వచ్చి, "అన్న ఆడనే ఆగిపోయినాడు," అన్నాడు. వంటింట్లో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

శనివారం మధ్యాహ్నం మామ దర్జాగా ఇంటికొచ్చాడు. పట్టిక ప్రకారం ఆయన లేడు కదా, వీధిలో పిట్ట కూడా లేదు. కాళ్లు కడుక్కుని, పప్పుతో సంగటి తిని, "మ్మే, ఆ కాగితం తే," అన్నాడు. నేను గోడ మీదిది పీకి ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. ఆయన అద్దాలు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివాడు.

"రాత బాగుండాది. చక్రాయపేట అని ఎందుకు రాయల్యా? కాగితంలో చోటు చాలల్యానా?"

"తప్పయిపోయింది మామా. ఇంగ జన్మలో రాయను."

"రాయకుంటే ఎట్ల? వచ్చే వారానిది రాయి. నేనుండే దినం 'ఉండరు, పప్పు' అని రాయి. నేను ల్యాని దినం కోడి అని రాయి. శెట్టికి నువ్వే పంపించు."

చూశారా, ఆ ఇంట్లో నా ప్లానింగుకు దక్కిన గౌరవం! ఆ ఏడు వచ్చిన ఎన్నికలయ్యే దాకా వారం తప్పకుండా పట్టిక రాశాను. కోడి ఉన్న రోజు ఎదుటివాళ్లు మా వీధిలో పడిగాపులు కాసేవాళ్లు, వచ్చినవాళ్లంతా కోడి తిని పోయేవాళ్లు, మామ ఇంకెక్కడో హాయిగా పార్టీ పని చూసుకునేవాడు. ఆయన ఇంటికొచ్చిన రోజు మాత్రం కోడి కొంటే గుట్టు బయటపడుతుంది కాబట్టి, పప్పే.

ఈ దొంగ పట్టికలు మొదలైన మూడో నెలలో కంచం ముందు కూర్చుని ఆయన నిట్టూర్చాడు. "ఎదుటోళ్లు నన్నేం చేయల్యాకపోయినారు మ్మే. నీ పప్పే నన్ను సంపేటట్లుండాది!"

ఆ పప్పు గిన్నె సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఎన్నికలు ముగిసిన మర్నాటి నుంచి, రేపటి కూర పేరు ఈరోజు కాగితం మీదికి గాని, నోటి మీదికి గాని రానివ్వనని. ఇన్నేళ్లయినా తప్పలేదు. నిన్న కూడా మా ఆయన ఫోన్ చేసి, "రాత్రికి ఏం కూర?" అన్నాడు.

"నువ్వెప్పుడొస్తావో నేనడగను, ఏం కూరో నువ్వడగొద్దు," అని పెట్టేశాను.