టాంకు మూత మీది పసుపు

సాయంత్రం షిఫ్టుకి బయలుదేరిన మా ఆయన బైకు వీధి మలుపు దాకా వెళ్ళి టపామని పేలి ఆగిపోయింది. ఒళ్ళో పాలు తాగుతున్న పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఆయన మళ్ళీ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు గానీ నా చెవిలో ఆ చప్పుడు ఉండిపోయింది. పాప పడుకున్నాక, ఉక్కునగరం క్వార్టర్సులో కూర్చుని ఇది రాస్తున్నానన్న మాటేగానీ మనసంతా మా పుట్టిల్లున్న జాలారిపేట ఇసుకలోనే ఉంది. నా ఈడువాళ్ళలో సముద్రం ఒడ్డున పెరిగినవాళ్ళకి ఆ చప్పుడు తెలిసే ఉంటుంది. బోటు ఇంజను ఎదురు పేలితే అచ్చం ఇలాగే ఉంటుంది, ఆ వెంటనే దాని గొంతు పడిపోతుంది.

మాది ఫైబరు బోటు. వెనకాల బిగించే ఇంజను, పక్కన ఎర్ర టాంకు, రెంటికీ మధ్య రబ్బరు గొట్టం, గొట్టం నడుమ చేత్తో పిసికి ఆయిలు ఎక్కించే బుడ్డి. నాన్నా చిన్నాన్నా దాని మీద వేటకి వెళ్ళేవారు. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట ఆపేస్తారు కదా, మా పేటలో పెళ్ళిళ్ళన్నీ ఆ ఖాళీలోనే జరిగేవి. చిన్నాన్న పెళ్ళీ అలాగే జరిగింది. పిన్ని తగరపువలస దగ్గర సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. చేపల్లో కవళ్ళకీ కానాగంతలకీ తేడా తెలియక, పెద్దవాళ్ళని అడగడానికి సిగ్గుపడి, చిన్నపిల్లనైన నన్ను చాటుగా అడిగి నేర్చుకునేది. అలా నేనే ఆవిడకి మొదటి స్నేహితురాలినయ్యాను.

మళ్ళీ వేట మొదలయ్యే రోజున బోట్లు కడిగి పూజ చేస్తారు. మాలో పెద్దయిన ఆడవాళ్ళు బోటు ఎక్కరు కాబట్టి, ఇంజనుకి పసుపు రాసే పని ఇంట్లో చిన్న ఆడపిల్లది. ఆ ఏడు నాన్న టాంకుకి కొత్త మూత వేయించారు. పాత మూత వదులుగా లొడలొడలాడుతుండేది, ఇది రబ్బరు వాషరుతో బిగుతుగా కూర్చుంది. నేను పసుపు ముద్దగా కలిపి ఇంజనుకీ టాంకుకీ మూతకీ మందంగా మెత్తేశాను. నాయనమ్మ మురిసిపోయింది. కొత్త కోడలు ఎదురొస్తే మంచిదని పిన్నిని అందరికంటే ముందు నిలబెట్టిందీ ఆవిడే.

ఆ రోజు బోటు ఒడ్డు దాటి బాగానే వెళ్ళింది. కొంత దూరం పోయాక ఇంజను టపటపా ఎదురు పేలి, వేగం చచ్చి, ఈదలేని మనిషిలా నీలిగింది. నాన్న ప్లగ్గులు మార్చారు. కార్బొరేటరు విప్పి కడిగారు. ఆయిల్లో నీళ్ళు కలిశాయేమోనని అంతా వంచి, గుడ్డలో వడగట్టి మళ్ళీ పోశారు. ఒడ్డున మెకానిక్కు దగ్గర తిప్పితే ఏ జబ్బూ లేనట్టు చక్కగా పాడేది. నీళ్ళలోకి వెళ్ళి కాస్త దూరం నడిస్తే మళ్ళీ అదే పేలుడు. ఒకనాడు తిరిగి వస్తూ సరిగ్గా అలలు విరిగే చోట బలం పోయింది. బోటు తిరగబడింది, వల పోయింది, చిన్నాన్న భుజం జారింది.

అప్పటినుంచి ఇంట్లో మాటలు మారాయి. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని, పిన్నికి వినబడేలా గాలితో చెప్పేది. "ఓలమ్మ, ఎదురొచ్చినదాని పాదం అలగుంటే ఇంజనేటి సేత్తది, పాపం!" పిన్ని తల ఎత్తకుండా చేపలు కడిగేది. దోషం పోవాలని ప్రతి శుక్రవారం మళ్ళీ పూజ, నా చేత మళ్ళీ పసుపు. పాతది ఎండిన చోటే కొత్తది పూసేదాన్ని.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ళు ఆ నెల పుట్టింట్లో ఉండటం అందరిళ్ళలో ఉన్నదే కాబట్టి పిన్నిని పంపినప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు. శ్రావణం వచ్చినా పిలుచుకు రాలేదు. చిన్నాన్న ఆ మాట ఎత్తబోతే నాయనమ్మ జారిన భుజం వైపు చూసేది. చిన్నాన్న ఆ మాట అక్కడే వదిలేసేవాడు.

ఇంతలో ఒకనాడు సముద్రం మీద ఇంజను ఆగిపోయినప్పుడు నాన్న గొట్టం మీది బుడ్డిని చూశారు. అది పీల్చేసిన తాటిముంజెలా చప్పబడిపోయి ఉంది. ఆయిలుందో లేదో చూద్దామని టాంకు మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి వెళ్ళింది, బుడ్డి మళ్ళీ ఉబ్బింది, ఇంజను ఒక్క లాగుడుకే అందుకుంది. మూత నడుమ గాలి వెళ్ళే సన్నని కన్నం ఉంటుంది. అందులో పసుపు గట్టిపడి బిరడాలా కూర్చుంది. గాలి లోపలికి రాకపోతే ఆయిలు బయటికి రాదు. ఒడ్డున తిప్పినప్పుడల్లా ఆయిలు పోయడానికి మూత తీసేవారు, అందుకే అక్కడ జబ్బు కనిపించేది కాదు.

నాన్న ఒడ్డు చేరి నవ్వుతూ చెప్పారు. నేను ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తి, తప్పు పిన్నిది కాదు, నేను రాసిన పసుపుదని ఇల్లంతా చాటాను. ఇక పిన్ని వచ్చేస్తుందనుకున్నాను. నాయనమ్మ చేట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎప్పుడి నుంచి రాత్తన్నాం ఓలె, పసుపు! ఏ ఏడైనా మూసుకుందేటి? ఈ ఏడే ఎందుకు మూసుకుంది, సెప్పు మరి!"

పాత మూత వదులు కాబట్టి పక్కల నుంచి గాలి దూరేదని, కొత్తది బిగుతని నాకు తోచలేదు. తెలిసిన నాన్న కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

చివరికి చిన్నాన్నే వెళ్ళి పిన్నిని తెచ్చుకున్నాడు, కానీ మా ఇంటికి కాదు. పరవాడలో ఏదో కంపెనీలో పని చూసుకుని అక్కడే కాపురం పెట్టాడు. మళ్ళీ వల పట్టలేదు. ఇద్దరు కొడుకులు పుట్టి చేతికందివచ్చారు. పిన్ని మాత్రం ఎవరింట్లో ఏ పని మొదలైనా వెనక్కి జరుగుతుంది. నా పెళ్ళిలో నేను మండపానికి వస్తుంటే వంటింట్లోకి వెళ్ళి నిలబడింది.

మొన్న మా అమ్మతో కలిసి పాపని చూడటానికి వచ్చింది. చేతుల్లో పెట్టబోతే వెనక్కి తగ్గింది. "ముందు మీ అమ్మ ఎత్తుకోనీయమ్మా, తర్వాత నాను ఎత్తుకుంతాను." నేను నవ్వి, బలవంతంగా ఆవిడ ఒళ్ళోనే పెట్టాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

ఆ రాత్రి పాపకి జ్వరం వచ్చింది. ఆ పొద్దున్నే టీకా వేయించాం, ఒళ్ళు కాలుతుందని నర్సు చెప్పే పంపింది. కాలేజీలో ఫిజిక్సు చదివి, కన్నం మూసుకుంటే ఇంజను ఎందుకు ఆగుతుందో ఎవరికైనా బొమ్మ గీసి చెప్పగల నేను, ఆ వేడి ఒంటిని గుండెకి హత్తుకుని, ఇవాళ పిన్ని ఎత్తుకుంది కదా అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను. నాయనమ్మకి అప్పుడు సముద్రం మీద ఇద్దరు కొడుకులుండేవారు, ఆ భయం ఆవిడ చేత ఆ మాటలు అనిపించింది. నా చేతిలో థర్మామీటరు ఉంది.

అమ్మ చెప్పిందేమో, మర్నాడు పిన్ని ఫోను చేసింది. "జొరం తగ్గిందేటమ్మా? నాను రాకుండా ఉండాల్సింది." ఛీ, అదేం మాట పిన్నీ, టీకా జ్వరం అని వెంటనే అనాలి. అన్నాను కూడా. కానీ ఊపిరి తీసుకునేంత ఆలస్యమైంది, ఆ ఆలస్యాన్ని ఆవిడ విన్నది. ఆ వెంటనే పాలు సరిపోతున్నాయా, మెంతులు తింటున్నావా అని మాట మార్చేసింది. ఆదివారం పాపని తీసుకుని వస్తామన్నాను. "ఇప్పుడొద్దులేమ్మా, గుంట కొంచెం పెద్దదవనీ," అంది.

పేటలో ఇప్పుడు పూజకి ముందు టాంకు మూత మీద గుడ్డముక్క కడుతున్నారు. నాన్న మొదలుపెట్టిన అలవాటే. ఎందుకు కడతారని అడిగితే కుర్రాళ్ళు కూడా చెబుతారు, గాలి ఆడాలని. ఇంజన్లు మారాయి, వాటి జబ్బులు ఫోన్లో చూసి సరిచేసుకునే రోజులొచ్చాయి. పిన్ని జుట్టు తెల్లబడింది. ఆవిడ ఇంకా గుమ్మం అవతలే నిలబడి, ఎవరైనా ముందు వెళ్తారేమోనని చూస్తోంది. అక్కడ ఆవిడని నిలబెట్టినవాళ్ళలో నిన్నటి నుంచి నేనూ ఉన్నాను.