తిన్నంక చూస్తనన్న చుక్క

"ఏమే, జర ఇటు రా. గీ చుక్క పాత ఫొటోల ఉన్నదా లేదా చెప్పు."

"పప్పు అడుగంటుతాంది. గది యాడికి పోతది? తిన్నంక చూస్త."

మా ఆయనతో నా ఆఖరి మాట అదే. కంచం పట్టుకొచ్చేసరికి కంప్యూటర్ ముందే తల వాల్చేసి ఉన్నాడు. కదిపితే కదల్లేదు.

నల్గొండలో ఒక కాలేజీ టెలిస్కోపును ఆయనే చూసుకునేవాడు. రాత్రి మన పక్క గెలాక్సీ ఫొటో తీసి, పొద్దున ఇంటికి తెచ్చి పాత ఫొటోతో పోల్చేవాడు. పాతదాంట్లో లేని చుక్క కొత్తదాంట్లో ఉంటే అది నోవా కావొచ్చు. అంటే చల్లారిన నక్షత్రం ఒక్కసారి భగ్గుమనడం. కొన్నాళ్లు వెలిగి మాసిపోతుంది. ఒక్క ఫొటో చాలదు, అది కెమెరా మరకైనా కావొచ్చు. ఇంకో రాత్రి కూడా అదే జాగాలో కనబడాలి. అక్షరాలు కూడబలుక్కునే నన్నే పిలిచేవాడు. "బియ్యంల రాయి నీ కన్ను తప్పిచ్చుకోదే" అనేవాడు. ఎన్నేళ్లు వెతికినా మాకంటే ముందు ఎవరో ఒకరు పట్టేసేవాళ్లు.

ఆయన పోయిన నాలుగో రోజు ఆ రెండు ఫొటోలూ చూశాను. కొత్తదాంట్లో చుక్క ఉంది. పాతదాంట్లో లేదు. ఇంకో ఫొటో కావాలి. కొత్త మనిషి వచ్చేదాకా టెలిస్కోపు గది తెరవం అన్నారు కాలేజీవాళ్లు.

నేను పోయి అడగడానికి లేదు. ఇద్దత్‌లో ఉన్నాను. భర్త పోయిన మా ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు గడప దాటొద్దు. మా అత్త ఆకాశం కిందికి కూడా రావొద్దంది, కిటికీకి దుప్పటి కట్టించింది. కాలేజీకి పోయి అడగమని మరిదిని బతిమాలాను.

"వదినా, చుక్క దొరికితే అన్న లేసొస్తడా?"

"రాడు. చుక్క గూడ ఆగదు."

"దిమాక్ ఖరాబైందా నీకు? నలుగురు వింటే నవ్వుతరు."

అక్కడ అది మాసిపోతూనే ఉంటుందని తెలిసి ఇక్కడ గోడ చూస్తూ కూర్చున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్లు నా ఏడుపు ఆయన కోసమే అనుకున్నారు. ఆయన కోసం కాదని కాదు.

వారం తర్వాత మా అక్క బిడ్డ వచ్చింది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ పిల్లే. అదే కాలేజీలో చదువుతుంది. సారు కాళ్లావేళ్లా పడి ఫొటో తీయించి తెచ్చింది. చుక్క బాగా మసకబారింది, కానీ అదే జాగాలో ఉంది. నోవానే. అప్పటికే ఎక్కడో వేరే దేశంవాళ్లు తమ పేరు రాయించుకున్నారట. వాళ్లు చూసింది ఆయన తర్వాతే, ముందు చెప్పింది మాత్రం వాళ్లు.

ఆయన కుర్చీ పక్కన నిలబడి చెప్పాను. "లేదయ్యా. పాత ఫొటోల లేదు. కొత్తదే."

ఇంకా రెండు నెలలు నాకు ఈ గదే. చుక్క ఈపాటికి పోయే ఉంటుంది.

బిడ్డా, మొదటికెల్లి ఓసారి చదువు. "తిన్నంక చూస్త" అన్న మాట నా మీద జాలితోని తీసేసినవో ఏమో, జర విననీ.