నిద్రించెను

కళాశాలలో ఆ అమ్మాయిని అందరూ 'కామా' అని పిలిచేవారు. మొదటి సంవత్సరంలో ఒకనాడు నోటీసు బోర్డు మీద "రేపు సెలవు లేదు, అనుకున్నవారు గమనించగలరు" అన్న ప్రకటన వెలిసింది. సగం కళాశాల వచ్చింది, సగం రాలేదు. కామా 'సెలవు' తర్వాత పడాలి గానీ 'లేదు' తర్వాత కాదని ఆమె గుమాస్తాతో బోర్డు ముందే నిలబడి వాదించింది. వాదనలో గెలిచింది గానీ ఆ పేరు మాత్రం వదల్లేదు.

ఆమె రెండు పత్రికలకు విలేఖరి. ఒకటి కళాశాల వారి నాలుగు పేజీల మాసపత్రిక. రెండోది ఆమె కుటుంబం వెళ్ళే చర్చి వారి సంఘ పత్రిక. మందుల దుకాణంలో పనిచేసే తండ్రికి ఇది నచ్చేది కాదు.

"రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నావే తల్లీ" అనేవాడు.

"పడవలైతే భయపడాలి గానీ, అవి కాగితప్పడవలు. మునిగినా మోకాలి లోతే" అనేది తల్లి, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

రెండు పత్రికలకూ రెండు ధర్మశాస్త్రాలున్నాయి. కళాశాల పత్రికకు సలహాదారైన మాస్టారు "మనమంతా ఒక కుటుంబం" అన్న మాటతో ప్రతి సమావేశాన్నీ మొదలుపెట్టేవాడు. ఆ మాట వినబడిందంటే ఎవరిదో వార్త చచ్చిపోబోతోందని విద్యార్థులకు తెలుసు. సంఘ పత్రికకు సంపాదకుడు పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుడు. అందరూ పెద్దాయన అనేవారు. చర్చి వెనక గదిలో, విరిగిన బెంచీల పక్కన, ఎర్ర సిరా కలంతో కూర్చునే ఆయన మొదటిరోజే ఆమెకొక నియమం చెప్పాడు.

"చూడమ్మా, మన పత్రికలో ఎవరూ చనిపోరు. నిద్రిస్తారు."

"అందరూనా తాతగారూ?"

"అందరూ. మేల్కొలిపేవాడు ఒకడున్నాడని నమ్మేవాళ్ళం కదా. 'చనిపోయెను' అని వేశామంటే నమ్మకం చాలించుకున్నట్టే."

కడపటి పేజీలో ప్రతి మరణ ప్రకటనా "ప్రభువునందు నిద్రించెను" అని ముగిసేది. ఒకే మాట అన్నిసార్లు ఎందుకు, 'ప్రభువునందు' అని పైన పెద్ద అక్షరాల శీర్షిక పెట్టి, కింద ఒక్కొక్కరికీ 'నిద్రించెను' అంటే చాలదా అన్నది కామాయే. స్థలం కలిసివచ్చింది. పెద్దాయన ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, "నీది లాయరు బుర్రే" అని మెచ్చుకున్నాడు.

కళాశాలలో జనరేటరు నడిపే మనిషిని విద్యార్థులు కరెంటు బాబాయి అనేవారు. ఆదివారాలు చర్చిలో మైకు సర్దేవాడూ అతనే. ప్రసంగం మరీ సాగితే మైకు దానంతటదే ఎందుకు గురగురమంటుందో పాస్టరుగారికి ఎన్నడూ అర్థం కాలేదు గానీ వెనక బెంచీల వాళ్ళకు అర్థమయ్యేది. నీళ్ళ ట్యాంకు పక్కన కళాశాల వారు ఇచ్చిన ఒంటిగది క్వార్టర్సులో భార్యతో ఉండేవాడు. ఆమెను కామా పిన్ని అని పిలిచేది.

వార్షిక పరీక్షలు జరుగుతుండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బాబాయి జనరేటరు వేశాడు. ఆ గది పరీక్ష హాలుకు ఆనుకునే ఉంటుంది, యంత్రాన్ని ఆపే మీట గది బయటి గోడకు ఉంటుంది. గదిలోని పొగను బయటికి లాగే ఫ్యాను మరమ్మతుకని తీసుకుపోయి, ఆ కంతకు చెక్క కొట్టారు. అందుకని బాబాయి తలుపు తెరిచే నడిపేవాడు. చప్పుడుకు పిల్లలు రాయలేకపోతున్నారని పరీక్షల పర్యవేక్షకుడు తలుపు మూయించమన్నాడు. యంత్రం అదురుకు ఆ తలుపు మూసినా తెరుచుకుంటుంది. కబురు తెచ్చిన అటెండరు ఒకసారి మూసి చూశాడు, రెండోసారి చూశాడు, మూడోసారి, బాబాయి లోపల ఉండగానే, బయటి గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చింది. జనరేటరు ఆగలేదు. ఎంతసేపటికీ ఆగకపోయేసరికి వెళ్ళి గొళ్ళెం తీశారు. బాబాయి తలుపును ఆనుకుని ఉన్నాడు. తలుపుతో పాటే బయటికి ఒరిగాడు.

జనరేటరు గదికి అవతలి పక్క క్యాంటీను. దాన్ని నడిపే ఆయన కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకుంటూ కామాతో చెప్పాడు.

"డబడబా చప్పుడు వినబడింది తల్లీ. ఇంజనులో ఏదో వదులై కొట్టుకుంటోందనుకున్నా. పైగా నవ్వాను కూడా, బాబాయి ఇవాళ బండి బాగా ఉరికిస్తున్నాడని."

"ఎంతసేపు?"

"టీ ఒకటి మరిగేంత సేపు. తర్వాత ఆగిపోయింది. బాగుచేసుకున్నాడనుకున్నా."

కామా కళాశాల పత్రికకు వార్త రాసింది. చెక్క కొట్టిన కంత, పర్యవేక్షకుడి ఆజ్ఞ, గొళ్ళెం, డబడబా చప్పుడు, వరసగా ఒక్క విశేషణమైనా లేకుండా రాసింది. సలహాదారు మాస్టారు చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

"మనమంతా ఒక కుటుంబం" అన్నాడు.

"ఆ కుటుంబంలో ఒకాయన చనిపోయాడు సార్."

"అందుకే సంతాపం వేద్దాం. అంతేగానీ గొళ్ళెం ఎవరు పెట్టారు, గడియ ఎవరు తీశారు అని నువ్వేమైనా పోలీసువా? విచారణ వేస్తున్నారు. తేలనీ."

"తేలాక వేస్తే అది తీర్పు సార్, వార్త కాదు."

"కామా, నువ్వు చాలా తెలివైనదానివి. కాస్త తగ్గించుకో."

వార్తలో మిగిలింది మొదటి వాక్యం, చివరి వాక్యం. వాటి నడుమ మాస్టారే "కళాశాల కుటుంబం దిగ్భ్రాంతికి లోనైంది" అని చేర్చాడు. కంచే చేను మేసిన చోట గడ్డిపరక ఎవరికి మొరపెట్టుకుంటుంది? ఆమె ఆ పత్రికకు రాజీనామా ఇచ్చి, అదే కోపంతో, అదే అలసటతో చర్చి వెనక గదికి వెళ్ళింది.

అక్కడ పెద్దాయన ఆమె రాసినదాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన కళ్ళు తడిశాయి. అయినా కలం మూత తీశాడు.

"గొళ్ళెం, పొగ, ఊపిరాడకపోవడం... ఇదంతా కోర్టుకు పనికొచ్చే భాషమ్మా. ఆ ఇల్లాలు ఈ కాగితం దాచుకుంటుంది. ఆమెకు ఆదరణ కావాలి."

"ఒక్క మాటైనా ఉండనివ్వండి తాతగారూ. 'విధి నిర్వహణలో ఉండగా' అన్నది తీసేయకండి. డ్యూటీలో పోయాడని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. రేపు పిన్నికి హక్కు వచ్చేది ఆ మాటతోనే."

"అది ఉంచుతాను. అది న్యాయమే."

అలా, 'ప్రభువునందు' అన్న శీర్షిక కింద, ఆమె పట్టుబట్టి నిలిపిన మాటలతో, ఆమె సూచించిన పొదుపుతో, ఈ వాక్యం అచ్చయింది: "మన సంఘ సభ్యుడు, కళాశాల జనరేటరు గదిలో విధి నిర్వహణలో ఉండగా నిద్రించెను."

చర్చిలో ఆ వాక్యం చదివి తప్పుగా అర్థం చేసుకున్న మనిషి ఒక్కడూ లేడు.

విచారణ కళాశాల సమావేశపు గదిలో జరిగింది. విచారణాధికారిని నియమించింది యాజమాన్యం. అతను కూర్చున్న కుర్చీ, తాగిన మంచినీళ్ళు, ఎక్కి వచ్చిన కారు యాజమాన్యానివే. ఎవరిమీద ఆరోపణో వారే తక్కెడ పట్టుకున్న ఆ ఏర్పాటును అక్కడెవరూ వింతగా చూడలేదు. తేలవలసిన విషయం ఒక్కటే. చావు పని వల్ల వచ్చిందా, మనిషి అజాగ్రత్త వల్లా? పని వల్ల అయితే పిన్నికి పరిహారమూ, హాస్టలు వంటగదిలో ఉద్యోగమూ, తలదాచుకోవడానికి ఆ ఒంటిగదీ. అజాగ్రత్త అయితే వీధి.

అటెండరు తలుపు దగ్గరికి వేశానన్నాడు, గొళ్ళెం సంగతి గుర్తులేదన్నాడు. క్యాంటీను ఆయన కామా వైపు చూడకుండా చెప్పాడు.

"చప్పుడేమీ వినలేదండీ. మా స్టవ్వుల హోరులో ఏం వినబడుతుంది?"

"మరి ఆ రోజు నాతో చెప్పారే!" అని కామా లేచింది.

"కూర్చోమ్మా" అన్నాడు విచారణాధికారి. క్యాంటీను ఆయన వెళ్తూ వెళ్తూ ఆమె పక్కన ఆగి, గొంతు తగ్గించి, "పొయ్యి ఆర్పేస్తామన్నారు తల్లీ. నన్ను తిట్టుకో, ఫరవాలేదు" అన్నాడు.

యాజమాన్యం తరఫు న్యాయవాది అప్పుడొక చిన్న కాగితపు ముక్క తీశాడు. చక్కగా కత్తిరించిన ముక్క. శీర్షిక లేదు. ఒక్క వాక్యమే.

"ఇది మీ సంఘ పత్రికలోదేనా?"

"అవును. కానీ పైన..."

"అవునా, కాదా?"

"అవును."

"వార్త ఇచ్చింది మీరే?"

"నేనే."

"మృతుడికి మిత్రులైనవారు, ఆయన మేలు కోరి రాసినది. చదువుతాను. 'జనరేటరు గదిలో విధి నిర్వహణలో ఉండగా నిద్రించెను.' మా మీద కోపంతో రాశారనడానికి వీల్లేదు. డ్యూటీలో నిద్రపోయాడని మీరే అచ్చువేశారు."

కామాకు ముందు నవ్వు వచ్చింది, ఇంత చవకబారు ఎత్తుకు ఎవరు పడతారని. విచారణాధికారి ఆ మాటలను శ్రద్ధగా రాసుకోవడం చూశాక లేచి నిలబడింది.

"నిద్రించెను అంటే చనిపోయెను అని అర్థమండీ. మా పత్రికలో అంతే."

"ఏ నిఘంటువులో?"

మరుసటి విచారణకు పెద్దాయనను తీసుకువచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంఘ పత్రికల కట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన అబద్ధమాడడని ఊరందరికీ తెలుసు. అదే ఆధారమనుకుంది కామా.

"మా పత్రికలో నిద్ర అంటే మరణమేనండీ" అన్నాడు స్థిరంగా.

"ఎల్లప్పుడూనా?"

"ఎల్లప్పుడూ."

న్యాయవాది అదే సంచికను అడిగి తీసుకుని, రెండో పేజీ తిప్పి, సంపాదకుడి హితవు చదివాడు: "ఇటీవల ఆరాధన సమయమున వెనుక బెంచీలయందు యువకులు పలువురు నిద్రించుచున్నారు. ఇది మిక్కిలి విచారకరము." చదివి, కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"పెద్దవారు, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ యువకులందరూ ఏమయ్యారు? సమాధులు ఎక్కడ?"

గదంతా గొల్లుమంది. విచారణాధికారి కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వనివాళ్ళు ముగ్గురే: పెద్దాయన, కామా, వెనక కుర్చీలో పిన్ని. పెద్దాయన కట్టను గట్టిగా పట్టుకుని, "అది వేరే, అది నిజం నిద్ర" అన్నాడు. ఆ మాటతో మిగిలిన నవ్వు కూడా వచ్చేసింది. వెనక్కి వచ్చి కూర్చున్నాక, "నేను చెడగొట్టానామ్మా?" అని అడిగాడు. పై శీర్షికను చూపించడానికి తర్వాత ఎంత ప్రయత్నించినా, అది మతానికి సంబంధించిన విషయమనీ, విచారణ పరిధిలోకి రాదనీ అధికారి తోసిపుచ్చాడు.

నివేదిక వచ్చింది. మృతుడు పని వేళ నిద్రించి ఉండెననీ, అందువల్ల పొగను గమనించలేకపోయెననీ, గది తలుపు మూసివేయుట సాధారణ పాలనా చర్య అనీ అందులో ఉంది. సాక్ష్యంగా అనుబంధంలో అతికించింది ఆ ఒక్క కాగితపు ముక్కనే. నిజం రాసినది అచ్చు కాలేదు, అచ్చయినది అబద్ధానికి ఉపయోగపడింది. ఇద్దరు సంపాదకులు, ఇద్దరూ తమ తమ దృష్టిలో మర్యాదస్తులు, నడుమ ఒక మనిషి రెండోసారి ఊపిరాడక పోయాడు.

కార్మిక న్యాయస్థానానికి అప్పీలు చేసుకునే దారి ఒకటి మిగిలింది. కామా న్యాయశాస్త్రం చదివే సీనియర్ల దగ్గర కూర్చుని పిటిషను తయారు చేసింది. మరణించిన వ్యక్తి మెలకువగా ఉన్నాడనీ, తలుపు కొడుతూ సహాయం కోసం ప్రయత్నించాడనీ దాని మొదటి పేరాలోనే రాసింది. పిన్ని సంతకం ఒక్కటే కావాలి.

ఆమె వెళ్ళేసరికి పిన్ని గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. అక్కయ్య వాళ్ళింటికి పోతుందట. గోడకు తగిలించిన అతని చొక్కా ఇంకా తీయలేదు. గుమ్మంలో కళాశాల గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"రామ్మా, కూర్చో. కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా కట్టేశాను" అంది పిన్ని. తర్వాత చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, గుమాస్తాకు వినబడకుండా అడిగింది.

"ఒక మాట చెప్పు. ఆ కాగితంలో నిద్రపోయాడని రాశారు కదా. అది... నిజమేనేమో కదా?"

కామా తన సంచిని దగ్గరికి లాక్కుంది.

"ముందు రోజు రాత్రి ఒంట్లో బాగాలేక నిద్రలేదాయనకు. కూర్చున్నచోటే కన్నంటుకుని ఉంటుంది. క్యాంటీను అన్న కూడా తలుపు కొట్టిన చప్పుడేం లేదన్నాడుగా. కొట్టలేదంటే, తెలియకుండానే పోయాడన్నట్టేగా? ఊరికే నిద్రలో..." పిన్ని గోడకున్న చొక్కా వైపు చూసింది. "రోజూ ఆ తలుపే కలలోకి వస్తోందమ్మా. నువ్వు చూసొచ్చి రాసేదానివి. అబద్ధం చెప్పవు. నువ్వు చెప్పు. నిద్రలోనే కదా?"

కామా సంచిలో పిటిషను ఉంది. తీసి చూపితే మొదటి పేరాలోనే తలుపు కొట్టే చేతులు. ఆ చేతుల్ని ఆమె ముందు పెట్టి సంతకం అడగాలి. న్యాయం కావాలంటే అతను మెలకువగా చావాలి. ఈమె బతకాలంటే నిద్రలో పోవాలి. ఆ రెంటి మధ్య మూడో మాట కోసం, జీవితమంతా మాటల్ని సరిచేస్తూ వచ్చిన ఆ పిల్ల వెతికింది. దొరకలేదు.

"అవును పిన్నీ. నిద్రలోనే" అంది.

పిన్ని కళ్ళు మూసుకుని, చాలాసేపటికి ఊపిరి వదిలింది. గిన్నె సంచిలో వేసి, లేచి, చొక్కా మడతపెట్టి దాని మీద పెట్టింది.

"తాళం చెవి ఇస్తారా అమ్మా? కొత్తవాళ్ళు సాయంత్రానికి దిగుతారట" అన్నాడు గుమాస్తా.

కామా గోనెసంచి మూతి తాడుతో బిగించి, ఒక కొస పట్టుకుంది. రెండో కొస పిన్ని పట్టుకుంది. ఇద్దరూ దాన్ని నీళ్ళ ట్యాంకు పక్క నుంచి, పరీక్ష హాలు ముందు నుంచి గేటు దాకా మోశారు. అప్పీలు గడువు ముగిసేదాకా పిటిషను కామా సంచిలోనే ఉంది.