ఎళ్ళమావాస్య నాటి వజ్రాసనం

ఆ రోజుల్లో నాకు బీదర్ అంటే చలి, ఎర్రదుమ్ము, పలకరించే దిక్కులేని సాయంత్రాలు. సిద్దిపేట వైపు నుంచి ఓ ప్రైవేటు కంపెనీ ఉద్యోగానికి వచ్చి నాలుగు నెలలైనా కాకముందే మనసు విరిగిపోయింది. ఆఫీసులో కన్నడం, బజార్లో దక్కనీ ఉర్దూ, గదిలో నేనూ నా ఫోనూ. నెలాఖరుకు ఉద్యోగం వదిలేసి ఇంటికి పోదామని ఖాయం చేసుకున్నాను. ఆ మాట నేను అద్దెకున్న గది ఓనరుకు చెప్పడమొక్కటే మిగిలింది. అదే రోజూ రేపటికి వాయిదా పడుతోంది. ఎందుకంటే రోజూ తెల్లవారకముందే నా తలుపు కొట్టి, నన్ను యోగాకు ఈడ్చుకుపోయే మనిషి ఆయనే.

ఆయన్ని అందరూ మీటర్ మామ అంటారు. బజార్లో బట్టల దుకాణం. కోట దగ్గరి మైదానంలో వేపచెట్ల కింద ఓ ఇరవైమందిని నిలబెట్టి ఊపిరిని కూడా గుడ్డ కొలిచినట్టే కొలిచేవాడు. "గాలి లాగుర్రి... ఇంకో మీటర్ లాగుర్రి... సాలు, ఇగ మెల్లగ ఇడ్వుర్రి." (దుకాణంలో జానెడు కొసరు వెయ్యని మనిషి, గాలి దగ్గర మాత్రం మహా ధారాళం.) వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడి నేను రోజూ పక్కనున్న రిటైరు మాస్టారి మీద పడేవాణ్ణి. "పడితే పడ్డవు గని, రేపు ఇంకో దిక్కు పడు. మాస్టరు నడుము పొయ్యేటట్టున్నది," అనేవాడు మామ. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో నాకూ వాటా ఉందని అప్పటికి తెలియలేదు.

అంతలో ఎళ్ళమావాస్య వచ్చింది. బీదర్ వైపు ఆ రోజు ఊళ్ళకు ఊళ్ళే చేలకు తరలిపోతాయి. భూమికి పూజ చేసి, దారినపోయేవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టి భజ్జీ, సజ్జరొట్టె, అంబలి పెడతారు. (మిరపకాయ బజ్జీ అనుకునేరు. పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి ఉడికించే చిక్కటి కూర అది.) మామ భార్య అత్తమ్మ పుట్టినూరు మన్నళ్ళి. యోగావాళ్ళందరికీ ఆమె పుట్టింటి చేలోనే భోజనం. నాకు ఒకపూట ఆఫీసుంది, బస్సులో వస్తానన్నాను. "మీకో మాట చెప్పాలి మామా, అక్కడే చెప్తా," అని కూడా అన్నాను. "చెప్పు తియ్యి. మన్నళ్ళి దాటినంక ఎడమ దిక్కు జొన్నచేను. జనం కనిపిస్తరు, దిగు," అన్నాడు మామ.

దిగాను. ఎడమ దిక్కంతా జొన్నచేలే. ప్రతి చేలోనూ జనమే. ఫోన్ తీస్తే చార్జింగ్ లేదు. దగ్గరి గట్టు మీది నుంచి ఒక ముసలాయన చెయ్యూపి పిలిచాడు. అత్తమ్మ వైపు పెద్దమనిషి కాబోలనుకొని వెళ్ళి కూర్చున్నాను. ఒకావిడ రొట్టె మీద రొట్టె వేసింది. కడుపునిండా తిని, అంబలి తాగి, "మామావాళ్ళు ఇంకా రాలేదా?" అన్నాను.

"ఏ మామ?" అన్నాడు ముసలాయన.

నా ముఖం చూసి ఆయనే మళ్ళీ, "ఎవలైతేంది బిడ్డా. చేన్లకొచ్చినవ్, తిన్నవ్. ఇంకో రొట్టె ఎయ్యమంటవా?" అన్నాడు.

సిగ్గుపడుతూ గట్లవెంట నడిచాను. రెండో చేలో ఒక అవ్వ దారికి అడ్డంగా నిలబడి, తినకుండా దాటనివ్వలేదు. అక్కడా తిన్నాను. మామావాళ్ళ చేను దొరికేసరికి పొద్దు పడమటికి వాలింది.

తుమ్మచెట్టు నీడలో జంపఖానా పరిచి ఉంది. అందరి ముందూ విస్తళ్ళున్నాయి, ఒక్కదానికీ మెతుకు అంటలేదు. షుగరున్న మామ రెండు బిస్కెట్లు నోట్లో వేసుకొని కూర్చున్నాడు. "నీ ఫోను కలుస్తలేదు. మీ మామ రోడ్డు మీదికి తిరిగి తిరిగి యాష్టకొచ్చిండు," అన్నాడు మాస్టారు.

"మీరు తినాల్సింది మామా," అన్నాను.

"మనోడు రాకుంట ఎట్ల తింటం?" అన్నాడు మామ, అదేదో మామూలు సంగతైనట్టు. "ఒడ్డియ్యుర్రి, ఒడ్డియ్యుర్రి."

ఆ ఊళ్ళో నన్ను ఎవరైనా మనోడు అనడం నేను వినడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందన్నాను. అప్పటికి నా విస్తట్లో ఇంకా ఏమీ వడ్డించలేదు.

మూడు ముద్దలు మింగాను. నాలుగోది లోపలికి పోనంది. "రెండు చేన్లల్ల తినొచ్చిన మామా," అన్నాను చివరికి. రోజూ పొద్దున మామ బలవంతాన చేయించే నవ్వుల వ్యాయామంలో ఎవరికీ రాని నవ్వు ఆ చేలో వచ్చింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మామ కళ్ళు తుడుచుకొని, "వజ్రాసనం ఎయ్యి. తిన్నంక ఎయ్యదగ్గది అదొక్కటే," అన్నాడు.

గట్టు మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నాను. జొన్నకంకుల మీద పిట్టలు వాలుతున్నాయి. భోంచేసి మామ కూడా వచ్చి పక్కనే వజ్రాసనం వేశాడు. "ఏందో చెప్పాలంటివి?"

"ఏం లేదు మామా. రేపు ఎన్నింటికి లేపుతవని."

ఏళ్ళు గడిచాయి, నేను బీదర్‌లోనే ఉన్నాను. మోకాళ్ళు అరిగి మామ ఇప్పుడు కుర్చీలో కూర్చుని గాలి కొలుస్తున్నాడు. నాకు పొట్ట వచ్చింది, వృక్షాసనం మాత్రం ఇంకా రాలేదు. ఎళ్ళమావాస్య నాడు రోడ్డువైపు గట్టు మీద నిలబడి దారినపోయేవాళ్ళను పిలిచే పని నాదే. బస్సు దిగి ఏ చేనో తెలియక బిక్కముఖం వేసుకున్న ఆ బక్కపలచటి కుర్రవాడు ఎప్పుడైనా కనిపిస్తాడేమోనని చూస్తుంటాను. కనిపిస్తే మామ చేను ఎటో చెప్పను. ముందు కూర్చోబెట్టి రొట్టె పెడతాను.