మూత లోపలి నలుపు

సోమవారం. రెండు బకెట్ల బట్టలు ఉతికి, జొన్నరొట్టెలు చేసి, మావారికి డబ్బా పంపేసరికి భవాని పేట్‌లోని మా పుట్టింటి నుంచి ఫోన్ వచ్చింది. పెన్నుల కాక తెల్లవారుజామున పోయాడు. పప్పు కడుగుతున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను.

కాక మాకు చుట్టం కాదు. నాన్న పోయాక మా అమ్మ ఇంటి పక్కకు వచ్చి చేరాడు. మగ్గం మానేసి, కిటికీ దగ్గర పీట వేసుకుని పాత ఇంకు పెన్నులు బాగుచేసేవాడు. పెన్ను చేతికొస్తే ముందు వాసన చూసేవాడు. కళ్లజోడు ఆ తర్వాతే.

ఒకసారి మా పెట్టె అడుగున నాన్న పెన్ను దొరికింది. ఎండిన ఇంకు పోవాలని అమ్మ సంబరంగా, నూలుకు గంజి వదిలించినట్టు, మూత బిగించి ఉన్నదాన్ని ఉన్నట్టే మరిగే నీళ్లలో నానబెట్టింది. తీసేసరికి బురదరంగు.

"ఇది నాయినది కాదే అమ్మా. నాయినది నల్లగ ఉండె. ఇదేదో ప్లాస్టిక్‌ది" అన్నాడు అన్న. అమ్మకు చూపు ఆనదు. ఆ మాటతో ఆమెకూ అనుమానం పట్టుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇద్దరినీ కాక దగ్గరికి తీసుకెళ్లాను. కాక పెన్నును బొటనవేలితో గట్టిగా రుద్ది అమ్మ ముక్కు దగ్గర పెట్టాడు.

"రబ్బరు వాసనొస్తుందా వదినె? ఇది ఎబొనైట్, గట్టి రబ్బరు. వేడినీళ్లు తగిలితే రంగు పోతది. పెన్నుకు గూడ గంజి తీస్తవా నువ్వు!"

మూత విప్పి టార్చి వేశాడు. నీళ్లు చొరని లోపల కాటుకలా నలుపు.

"ఎప్పటిది కాకా?" అన్నాను.

"డ్రాపర్‌తోని ఇంకు చుక్కలు పోసుకునే పెన్ను. చేత్తోని లేతు మీద తిప్పి చేసిన్రు. నీకంటె పెద్దదే బిడ్డా. ఏ ఏడాదిదో నేను చెప్ప. పెన్ను చెప్పినంతే మనం చెప్పాలె."

తర్వాత భూతద్దంలో పాళీని చాలాసేపు చూశాడు. "వదినె, మీ ఆయన ఎడమ చేత్తోని రాస్తుండెనా? పాళీ ఆ దిక్కే అరిగింది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి కాకకు ఎవరూ చెప్పలేదు. అన్న పెన్ను అందుకోబోతే అమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "ప్లాస్టిక్‌దంటివి గద!"

పెన్ను నాకు ఇచ్చింది. కాక పైసలు తీసుకోలేదు. "దీంతోని ఒక పేజీ నిండ రాయి బిడ్డా. గదే నా కూలి" అన్నాడు.

ఇన్నాళ్లకు ఈ పేజీ ఆ పెన్నుతోనే రాశాను. నాన్న చేతికి అరిగిన పాళీ కదా, నా కుడిచేతికి కాస్త గీరుకుంటుంది. కింది వరుసలు ఇంకా తడిగా ఉన్నాయి. కాక కూలి చెల్లింది.